ఈరోజు ఏం వారం?

గోలీసోడా మొహాన కొడితే తగ్గిపోయిందా? బాగుండాది అంకారావూ! తలకు దెబ్బ తగిలి పడినోడికి సోడా ఏందిరా, వాడికేమన్నా అజీర్తి చేసిందా?

కూచో. ముందు ఆ విజిల్ నా ఎదర నుంచి తియ్యి. సాయంత్రం ఆత్మకూరుతో ఫైనలు, అంపైరు లేడు, కాబట్టి కబడ్డీ కమిటీ సెక్రటరీ స్వయంగా వచ్చినాడు. సంతోషం. నా దగ్గిర లెక్కలు చదివేటప్పుడు ఇంత వినయం లేదే నీకు!

పొద్దున సెమీఫైనలుకు నేనూ వచ్చినాను. బాబ్జాన్ కూతకు పోయినాడు. కలువాయి టీమోళ్ళు ముగ్గురు ఒక్కసారే మీద పడినారు. ఎవడిదో మోకాలు కణతకు తగిలింది. పడినాడు. యాడ పడినాడు? కంకర మీద.

రెండు నెలల నుంచి గొంతు చించుకుంటా ఉండా. గ్రౌండు తవ్వండి, రాళ్ళు ఏరండి, వాగు ఇసక నాలుగు బండ్లు పొయ్యండి, దాని మీద రంపపుపొట్టు చల్లండి అని. చల్లినారా? మైకుసెట్టు తెచ్చినారు. నిలువెత్తు షీల్డు తెచ్చినారు. ఆ షీల్డే వాడి తల కింద పెట్టకపోయినావా!

మద్రాసులో చదివేటప్పుడు నేను ఫుట్‌బాల్ ఆడేవాణ్ణి. మా కోచ్ ముసలోడు, నోరు తెరిస్తే బూతులు. హాస్టలు సాంబారును ఆయన తిట్టిన తిట్లు... సరే, అది వేరే కథ. కానీ తలకు తల కొట్టుకుందంటే చాలు, వాడి బూట్లు తన పెట్టెలో పెట్టి తాళం వేసేవాడు. వారం దాకా ఇచ్చేవాడు కాదు. ఎంత ఏడ్చినా సరే.

ఏందీ? రక్తం రాలేదా? అదే నాకు రోత. మోకాలు గీసుకుపోతే అయోడిన్ అని పరిగెత్తుతారు. లోపల మెదడు, కుండలో నీళ్ళు అల్లాడినట్టు అల్లాడితే మీకేం పట్టదు. వాంతి చేసుకున్నాడా అని ఒక్కడన్నా అడిగినాడా?

హుషారుగానే ఉండాడా? అడుగో, అరుగు మీదే ఉండాడు, నువ్వే గదా చూపించడానికి పిలుచుకొచ్చినావు. వచ్చిన కాడ్నుంచి ఆట ఎన్ని గంటలకని మూడుసార్లు అడిగినాడు. మూడుసార్లూ ఐదింటికని నువ్వే చెప్పినావు. నీకేం వింతగా లేదా? వెలుతురుకు కళ్ళు ఎట్ట మూసుకుంటా ఉండాడో చూడు. నవ్వుతావేందిరా!

ప్రశ్నలు అడిగినాకనే మళ్ళీ ఆటలోకి పంపినారా? ఆ ప్రశ్నలు పెట్టింది నేనే గదరా. మనం ఏ ఊళ్ళో ఉండాం, ఎవరితో ఆడతా ఉండాం, ఈరోజు ఏం వారం. ఒక్కటి తప్పినా బయట కూచోవాల. మంచి రూలే. దాన్ని మీరేం చేసినారు? పరీక్షలో చీటీలు అందించినట్టు గీత బయట నుంచి జవాబులు అరుస్తారు. పొద్దున "ఆదివారం రా బాబ్జానూ" అని అరిచింది నీ గొంతే. అందరూ పకపకా నవ్వినారు. థూ!

జానీ బాషా గుర్తుండాడా? తల దించుకుంటావేం?

డెబ్బై నాలుగో సంవత్సరం. మన ఉదయగిరి కొండ కింద ఇదే గ్రౌండు, ఇదే ఆత్మకూరు, ఫైనలే. ఇరవై రెండేళ్ళవాడు, అప్పుడే లారీ స్టీరింగు పట్టినాడు. గీత పక్కన పాతిన రాయికి తల కొట్టుకునింది. లేచినాడు. అంపైరును నేనే. పోయి అడిగినాను.

ఉదయగిరన్నాడు. ఆత్మకూరన్నాడు. ఏం వారం రా అంటే, నా మొహం కల్లా చూసి, "శుక్రవారం సార్, నమాజుకు టైమయింది" అన్నాడు.

అది ఆదివారం.

ఆ రోజు ఎవరూ జవాబు అరవలా. ఆ గోలలో వాడి మాట ఎవరికీ వినపడలా. నాకొక్కడికే వినపడింది. రెండు పాయింట్లు వెనకుండాం. నాదీ ఈ ఊరే గదరా. సరిగ్గా చెప్పినాడని చెయ్యెత్తి, విజిల్ ఊదినాను.

వాడు మళ్ళీ పడినాడు. కప్పు మాత్రం మనకే వచ్చింది.

పదేళ్ళయింది. అనుమసముద్రంపేటలో దర్గా ముందర వాళ్ళమ్మ ఖాదర్‌బీ పూలంగట్లో కూచోనుంటాడు. నన్ను గుర్తుపట్టడు. కానీ బస్సు కండక్టరు విజిల్ ఊదితే మాత్రం దిగ్గున లేచి, లుంగీ ఎగ్గట్టి, కూతకు వంగుతాడు. ఖాదర్‌బీ భుజం పట్టి కూచోబెడతాది. ఆ పేటకు రోజుకు ఎన్ని బస్సులు వస్తాయో తెలుసునా నీకు?

తీసుకుపో ఆ విజిల్. ఊదేవాళ్ళకేం కరువు. నేను ఊదలా? పోతా పోతా జీపు పంపించు, వీణ్ణి నెల్లూరు డాక్టరుకు చూపించాల.

ఏం బాబ్జానూ? ఆటా?

అయిపోయిందిరా నాయనా. మనమే గెలిచినాం. లోపలికొచ్చి పండుకో.

అట్ట చూస్తావేంది అంకారావూ? అబద్ధం చెప్పడం నాకేమన్నా కొత్తా?