రోమెడ్ మిషన్లో పోయిన అంచు

అరవై నాలుగు యూరోలయ్యా! వింటున్నావా కాసియన్? అరవై నాలుగు! మైనం పూసి, అంచులు సానబట్టి, ఓ కాగితం చేతిలో పెట్టినందుకు! నలభై ఆరేళ్ళ కాపురంలో నా స్కీలకి నేను చిల్లిగవ్వ ఇచ్చి ఎరగను. నువ్వు పోయాక మొదటి చలికాలమే ఇలా బజార్న పడ్డాను.

ఉండు, ఈ గాలికి దీపం నిలవట్లేదు. నీ సిలువ మీద మంచు దులిపితే నా నెత్తినే పడుతోంది. బతికున్నప్పుడూ ఇంతేగా, నువ్వు గీకిన మైనమంతా నా వంటింట్లోనే.

కొండెక్కే లిఫ్టు దగ్గర రోమెడ్ స్కీల కొట్టు తెలుసుగా. తెలీకేం, ఆ పేరు వింటేనే మొహం తిప్పుకునేవాడివి. అక్కడ ఇప్పుడు మనిషి చెయ్యే పెట్టడు. గదంత మిషను. ఈ పక్క స్కీ తోస్తే ఆ పక్క తళతళలాడుతూ వస్తుంది. పైగా అడుగుతాడూ, "బుర్గి అత్తా, నీ బరువెంత?" అని. పదిమంది టూరిస్టుల ముందు!

"ఎందుకురా, నన్ను తూకానికి అమ్ముతావా?" అన్నా. కాదట. పడ్డప్పుడు స్కీ ఊడి కాలు దక్కాలంటే బరువూ వయసూ చెప్పాలట. నిజం చెప్తానా? ఆరు కిలోలు తగ్గించి చెప్పాను. కాస్త ముందే ఊడుతుంది, ఊడనీ.

అక్కడ ఎవరున్నారనుకున్నావు? బార్టెల్! పాలకేంద్రం బార్టెల్. ముగ్గురు మనవల స్కీలూ తెచ్చాడు. రోమెడ్ ఎంత చెబితే అంత, కిక్కురుమనకుండా కట్టాడు. అదే నీచేత చేయించుకోడానికి మనింటికొస్తే? టోపీ తీసి, "దేవుడే నీ రుణం తీరుస్తాడు కాసియన్" అని, రెండు గుడ్లు బల్ల మీద పెట్టి పోయేవాడు. నువ్వేమో ఉబ్బిపోయేవాడివి. "ఊళ్ళోవాళ్ళ దగ్గర డబ్బేంటి" అనేవాడివి. మీ తాత తీసుకోలేదట, మీ నాన్న తీసుకోలేదట. ఎన్నిసార్లు చెప్పావయ్యా! పెళ్ళిళ్ళలో చెప్పావు, చావుల్లో చెప్పావు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత.

మైనం కడ్డీ ఎంతో తెలుసా నీకు? దాన్ని కరిగించే ఇస్త్రీపెట్టె కరెంటు? కింద నీ గదిలో హీటరు? ఒక్కసారన్నా అడిగావా, "బుర్గీ, ఇవన్నీ ఎక్కణ్ణుంచి తెస్తున్నావే?" అని? "గదులు అద్దెకిస్తున్నాంగా" అనేవాడివి. రెండు గదులు! అదీ వేసవిలో నాలుగు వారాలు!

సరే. చెప్పేస్తాను. లేచి కూర్చోవుగా ఇక.

కాఫీ డబ్బా గుర్తుందా? మెట్ల పైన, వంటింటి గుమ్మం పక్కన. కింద నీకు దేవుడి పేరు చెప్పిన ప్రతివాడూ పైన నా ముందునుంచే పోవాలి కదా. ఉన్నది ఒక్కటే తలుపు. "పది యూరోలు ఇందులో వెయ్యండి. ఆయన చెవిన పడిందా, మీ స్కీలు మళ్ళీ ఈ గడప తొక్కవు" అనేదాన్ని. మొదటిసారి బార్టెల్ తెల్లబోయాడు. తర్వాత అలవాటైపోయింది, అడగకుండానే వేసేవాడు. ఇరవై రెండేళ్ళు, కాసియన్! లోయంతా తెలుసు. ఫాదరుకీ తెలుసు. ఆయన స్కీలకీ వసూలు చేశాను.

తిట్టుకుంటే తిట్టుకో. ఇంటి కప్పు వేయించింది ఆ డబ్బుతోనే. నువ్వేమో పంచాయతీ సాయం అనుకుని మేయరుకి థాంక్స్ కూడా చెప్పొచ్చావు! పాపం ఆయన నేలచూపులు చూస్తూ "పర్లేదులే" అన్నాట్ట.

అక్కడితో ఆగినా బాగుండేది. పది పదిహేనైంది. పదిహేను ముప్ఫై అయింది. నీ చేతి అంచు కోసం పడి చస్తారు, ఎంతైనా ఇస్తారు అనుకున్నా. ఈలోగా రోమెడ్ కొట్టు తెరిచాడు. మొదటి ఏడాది పద్దెనిమిదికే చేసిచ్చాడు. ఇంకేం! ముందు బార్టెల్ మానేశాడు. తర్వాత ఫైరింజన్ వాళ్ళు. తర్వాత ఫాదరు.

ధర తగ్గించొచ్చుగా నేను? తగ్గించలేదు. మోజు తీరాక వాళ్ళే వస్తారులే అని బిగుసుకు కూర్చున్నా.

నువ్వు మాత్రం రోజూ పొద్దున్నే ఏప్రన్ కట్టుకుని కిందికి దిగేవాడివి. ఇస్త్రీపెట్టె వేడి చేసుకుని కూర్చునేవాడివి. మెట్ల మీద చప్పుడైతే చాలు, లేచి నిలబడేవాడివి. ఎవరు? నేనే, కట్టెల కోసం. ఆ చలికాలం మొత్తం నువ్వు చేసింది ఒక్క జత. నాది. మూడు రోజులు చేశావు. నేను వాటి మీద మంచు తొక్కకముందే నువ్వు మంచాన పడ్డావు. మార్చి చివరికి ఇక్కడికొచ్చేశావు.

ఆ స్కీలే ఇవాళ రోమెడ్‌కిచ్చాను. ఎందుకిచ్చానని అడుగు. ముట్టుకుని చూడనైనా లేదు కాసియన్. బాగుండవనుకున్నా. నేనాడిన అబద్ధం నేనే నమ్మేసినట్టున్నాను.

ఒక స్కీ మిషన్లోంచి బయటికొచ్చింది. రెండోది చేతిలోకి తీసుకుని రోమెడ్ ఆగిపోయాడు. అంచు మీద గోరు లాగి చూశాడు, సన్నగా గోటిపొట్టు లేచింది. అచ్చం నువ్వు చూసినట్టే.

"అత్తా, ఇవి మావయ్య చేసినవా?" అన్నాడు. "వీటికి సాన అక్కర్లేదు. నా మిషను ఇలా చెయ్యలేదు. తెలీక ఒకటి పెట్టేశాను. రెండోది ఉంచెయ్యనా?"

ఉంచుకుని ఏం చెయ్యను? ఒక కాలికి నువ్వూ, ఇంకో కాలికి రోమెడూనా? "పెట్టెయ్" అన్నాను. అర నిమిషం కూడా పట్టలేదు. నువ్వు మూడు రోజులు కూర్చుని తీసిన అంచు.

నిలబడి చూశాను. డబ్బు కట్టాను. బార్టెల్ నా వంక చూడలేక తలుపు దగ్గరికి పోయాడు.

ఎందుకు చూడలేకపోయాడో చెప్పనా? వాడికి తెలుసు. పోయిన జనవరిలో ఆ రోజు వాడు పాలు తెచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నువ్వు కిందనుంచి పైకొచ్చావు. రెండు చేతులూ నా ముందు చాపావు. "బుర్గీ, నిజం చెప్పు. నా చేతులు వణుకుతున్నాయా? అందుకేనా ఊరికే చేస్తానన్నా ఎవరూ రావట్లేదు?" అన్నావు.

నిజం చెబితే డబ్బా సంగతి చెప్పాలి. గిన్నెలు తోముతూ, వెనక్కి తిరక్కుండానే, "అవును. కొంచెం" అన్నాను.

బార్టెల్ నోరు తెరిచాడు. నేను చూసిన చూపుకి మూసుకున్నాడు. నువ్వు కిందికెళ్ళి ఆకురాళ్ళన్నీ నూనెగుడ్డలో చుట్టేశావు. మళ్ళీ ఏప్రన్ కట్టలేదు. అన్నం తినేటప్పుడు కూడా చేతులు బల్ల కింద దాచుకునేవాడివి, నాకు కనబడకూడదని.

వణకలేదయ్యా. ఒక్కనాడూ వణకలేదు. లోయంతా తెలుసు. నీకొక్కడికే తెలీదు.