మైక్రాన్ బాబాయ్ గడప దాటిన వైనం

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, పారిశ్రామికవాడ వెనక గేటు దగ్గరున్న టీ కొట్టులో వినేవాళ్ళే బెంచీ తుడిచి మరీ మైక్రాన్ బాబాయ్‌ని కూర్చోబెడతారు. నలభై ఏళ్ళుగా ఇనుమూ కంచూ కోసే లేత్ మీద పనిచేస్తున్న మనిషి. వెంట్రుకలో పదో వంతు తేడా ఉన్నా వేలితో తడిమి చెప్పేస్తానంటాడు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, ఆ పేరు అందుకే వచ్చింది.

ఆ మధ్యాహ్నం ఆయన కోడలు కూడా వచ్చి బెంచీ చివర కూర్చుంది. రోడ్డుకి అవతల కొత్తగా కట్టిన పరిశోధన కేంద్రంలో కొలతల గది ఆమె చేతిలో ఉంది. టీ తాగుతోంది గానీ మనసు మనసులో లేదు. వాడలోని పన్నెండు షెడ్లూ కలిసి ఒక నీళ్ళ పంపు తయారుచేశాయి. ఒకరు పోత పోస్తారు, ఒకరు మోటారు చుడతారు, అయిదు షెడ్ల వాళ్ళు దాని ఇరుసు తిరిగే కంచు బుష్‌లు కోస్తారు. కేంద్రంలో పెట్టిన పరీక్షలో రెండుసార్లూ గంట తిరక్కుండానే ఇరుసు పట్టేసింది. మూడోసారీ పట్టేస్తే పెద్ద ఆర్డరు ఇంకెక్కడికో పోతుంది, సగం షెడ్లకి తాళాలు పడతాయి. చిత్రమేమిటంటే మావయ్య బుష్‌లు ఒక్కటీ పట్టెయ్యలేదు. అదే డ్రాయింగు, అదే కంచు. ఒక్కసారి వచ్చి ఎలా కోస్తారో చూపించండి మావయ్యా అని నెలరోజులుగా బతిమాలుతోంది. ఆయన ఇవాళ నడుమంటాడు, రేపు మోకాలంటాడు. కోతలకి మాత్రం ఏ నొప్పీ అడ్డం రాదు.

"అసలీ వాడ ఎలా పుట్టిందనుకుంటున్నారు?" బాబాయ్ అప్పుడే ఎత్తుకున్నాడు. "ఇక్కడ నా లేత్ ఒక్కటే ఉండేది. ఓ రోజు ఒక స్క్రూ తిప్పాను. ఏదో, చిన్న స్క్రూ. అది చూసి పోత పోసే ఆయన, ఇంత పనివాడి పక్కన లేకపోతే నా బతుకెందుకని వచ్చి షెడ్డు వేశాడు. నిజమా కాదా?"

"మా నాన్న ఇక్కడ స్థలం చవకని వచ్చాడు," అన్నాడు పోత పోసే ఆయన.

"పైకి అలాగే చెప్తారు మరి! ఆ తర్వాత ఏమైందో తెలుసా? మోటార్లు చుట్టేవాళ్ళొచ్చారు, రంగులేసేవాళ్ళొచ్చారు. చోటు చాలక రోడ్డవతల వేసుకున్న షెడ్లు ఆగలేక, రోజుకో అడుగు నా లేత్ వైపు జరిగేవి. తెల్లారి చూస్తే నా కిటికీకి ఇంకొకరి గోడ అడ్డం! ఇక పరిశోధన కేంద్రం ఎక్కడ కట్టాలా అని పెద్దాఫీసరు మ్యాపు మీద గుండుసూది గుచ్చితే, అది జారి జారి వచ్చి నా షెడ్డు మీద నిలబడింది. మూడుసార్లు గుచ్చాడు, మూడుసార్లూ అంతే."

"మ్యాపు గోడకి వేలాడదీసి ఉంటుంది, కిందికి జారకేం చేస్తుంది?" అంది మోటార్లు చుట్టే అక్క.

బాబాయ్ విననట్టే టీ గుటక వేశాడు.

"నా బుష్ మొట్టమొదట పంపులో బిగించిన రోజు చూడాలి. ఇంకా కరెంటు తీగ తగిలించలేదు, పంపు తిరగడం మొదలెట్టింది! అంత నున్నన. తొట్టి ఖాళీ, బావి ఖాళీ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లాగడానికి నీళ్ళు లేక పైన పోతున్న మబ్బుని పట్టుకుంది. పైపులోంచి ఉరుము వినబడిందంటే నమ్మండి. నేనే వెళ్ళి వేలు అడ్డం పెట్టి ఆపాను."

"మరి ఆ కేంద్రంలో కొలతలు తీసే మిషన్ సంగతేంటి బాబాయ్?" టీ కొట్టు అత్త ఎగదోసింది.

కోడలు తలెత్తింది.

"నిన్ననే వెళ్ళొచ్చాగా! లేత్ మీంచి అప్పుడే తీసిన బుష్, చెయ్యి కాలిపోతోంది. ఆ గదిలో ఉక్కకి చెమటలు కారిపోతున్నాయి. బుష్ తీసుకెళ్ళి మిషన్ మీద టకీమని పెట్టాను. నా వేలొక మాటంది, మిషనొక మాటంది. విప్పి చూస్తే మిషన్‌లోనే దుమ్ము! పాపం, సిగ్గుతో దాని దీపం ఎర్రబడింది. నన్ను శిష్యుడిగా చేర్చుకోండి గురువుగారూ అని కాగితం మీద అచ్చేసి ఇచ్చింది."

"మావయ్యా," అంది కోడలు మెల్లగా, "ఆ గదిలో ఉక్కేమిటి? ఏసీ చలికి మేం స్వెటర్లేసుకుని కూర్చుంటాం. వేడి ముక్కని మిషన్ దరిదాపులకి కూడా రానివ్వం. రోజంతా అక్కడే పెట్టి చల్లారాకే కొలుస్తాం."

బెంచీ బెంచీ అంతా పగలబడి నవ్వింది. "మాటలు కోటలు దాటతాయి, కాళ్ళు గడప దాటవు!" అంది మోటార్లు చుట్టే అక్క.

బాబాయ్‌కి రోషం ముంచుకొచ్చింది. "వేడి మీద కంచు సాగుతుందని నాకు తెలీదా? చల్లారితే బిగిసిపోతుందనేగా నేను వేడి మీద కాస్త వదులుగా కోస్తాను! కుర్రకుంకలు డ్రాయింగు చూసి వేడి మీదే సరిగ్గా దించేస్తారు."

కోడలు గ్లాసు కింద పెట్టేసింది. నెలరోజులుగా వెతుకుతున్నది ఇదే. "ఎంత వదులు మావయ్యా?"

ఇక ఆకాశమంత అంకె వస్తుందని అందరూ చెవులు రిక్కించారు.

"తెలీదమ్మా," అన్నాడు బాబాయ్. "వేలికి తెలుసు."

"మరి ఇన్నాళ్ళూ రమ్మంటే ఎందుకు రాలేదు?"

ఆయన నేల చూపులు చూశాడు. "రెండుసార్లు గేటు దాకా వచ్చి తిరిగెళ్ళాను. ఈ వేలు తప్పని ఆ మిషన్ తేల్చేస్తే, ఇక నా దగ్గర ఏముందమ్మా?"

కోడలికి ఆ ముసలాయన మీద ఎక్కడలేని ప్రేమా పొంగుకొచ్చింది. "నా లెక్కలు తప్పని అది రోజూ అంటూనే ఉంది. ఉద్యోగం మానేశానా? లేవండి."

మర్నాడు వెళ్ళాడు. కొలతల గది బయటే, అప్పుడే కోసి తెచ్చిన పది బుష్‌లు వేడి మీద వేలితో తడిమి, చల్లారాక ఏది సరిగ్గా ఉంటుందో ఏది ఉండదో చెప్పాడు; కోడలు ఆ వేడి కొలతలు రాసుకుంది. అవి చల్లారాక మిషన్ కొలిచింది. ఎంత వదలాలో కోడలు ఆ రెండు కొలతల తేడాతో లెక్క తేల్చి మిగతా షెడ్లకి రాసిచ్చింది. మూడో పరీక్షలో పంపు పొద్దున్నించి సాయంత్రం దాకా ఆగకుండా తిరిగింది. ఆర్డరు వాడలోనే ఉండిపోయింది.

ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర ఇసకేస్తే రాలనంత జనం. "చెప్పు బాబాయ్, వేలు గెలిచిందా, మిషన్ గెలిచిందా?"

బాబాయ్ గొంతు సవరించుకున్నాడు. "ఏడు సరిగ్గా చెప్పాను. మూడు తప్పాను."



"చాల్లే బాబాయ్," అన్నాడు పోత పోసే ఆయన. "మబ్బు దించావంటే నమ్మాం గానీ, నువ్వు మూడు తప్పడమేంటి? మరీ ఇంత కోతా?"

"ఒట్టు! కావాలంటే మా కోడల్ని అడగండి."

"నిజమే, మూడు తప్పారు," అంది కోడలు.

"అదిగో," అంది టీ కొట్టు అత్త, "పాపం బంగారంలాంటి పిల్ల, మావయ్యతో తిరిగి తనూ కొయ్యడం నేర్చేసుకుంది!"