ఏకాంబరం మామ డీజిల్ బండి

డీజిల్ బండి కొనాల్నా, పెట్రోల్ బండి కొనాల్నా అని నేను అడిగింది టీ అంగడి గోవిందన్ అన్నను. జవాబు చెప్పింది మాత్రం బెంచీ మీద కూచోనుండే ఏకాంబరం మామ. గుడియాత్తం బజారులో మామకు టెంకాయల మండీ ఉండాది. మండీలో కూచునేది కొడుకు, మోర్ధానా రోడ్డులో ఈ టీ అంగట్లో కూచునేది మామ. పక్కనే చిన్నమణి తాత. తాతకు దినమూ మామే టీ ఇప్పిస్తాడు. అందుకని మామ ఏం చెప్పినా “ఆమా ఆమా” అని తలూపేది తాత పని.

నాకు మాత్రం ఆ పొద్దు నవ్వులాట కాదు. మా టమోటా చేను మోర్ధానా డ్యాం కింద, కౌండిన్య ఏటికి ఆపక్కుండాది. పోయిన వానల్లో ఏట్లో నీళ్లు పారతా ఉంటే బాడుగ బండోళ్లు ఒక్కరంటే ఒక్కరు దిగలా. కోసిన కాయ కోసినట్టే చేని గెనిమ గట్టు మీద కుళ్లిపోయింది. ఈసారి కూడా అట్టయితే చేను బీడు పెట్టేసి చెప్పుల ఫ్యాక్టరీకి పనికి పోవాల్సిందే. అందుకే నాలుగు చక్రాలూ లాగే పాత పికప్పు ఒకటి కొందామని, వేలూరు సత్తువాచారిలో బండ్లు అమ్మే యోగానంద్ దగ్గర రెండు చూసి పెట్టినా. ఒకటి పెట్రోలు, ఇంకొకటి డీజిలు. డీజిల్ బండిని ఏట్లో దించి చూసుకోమని ఆయనే తోలుకోని వస్తా ఉండాడు. ఏదో ఒకటి ఈ పొద్దే తేల్చి చెప్పెయ్యాల.

“పెట్రోల్ బండి తేలిక, ఇసకలో దిగబడదంటారు. డీజిల్ బండి బరువు, అయితే లాగుడెక్కువ. అదే మామా నాకు తెగడంలా,” అన్నా.

“తెగకపోతే నన్నడగాల గదమ్మా సింధుజా! ఈ గోవిందన్‌కు గ్యాసు స్టవ్వు తప్ప ఇంకొకటి తెలుసునా? నేను రెండూ చూసినోడ్ని. సుమ్మా ఊరికే చెప్పేది కాదు, జరిగింది జరిగినట్టు చెప్తా, ఒక్క మాట ఎక్కువుండదు. అప్పుడు నాకొక డీజిల్ పికప్పుండె, మా బామ్మర్ది జానకిరామన్‌కు పెట్రోల్ పికప్పు. మోర్ధానా పైన తోపులో టెంకాయలు దించి, చెరొక లోడేసుకోని వస్తా ఉండాము. వాన. వానంటే ఏం వాన! ఏటికాడికి వచ్చేసరికి మోకాటి మట్టం నీళ్లు. బామ్మర్ది పెద్ద మొనగాడి మాదిరి ముందు దిగినాడు. నడేట్లో టక్కని బండి ఆగిపోయింది. ఎందుకాగింది?”

“ప్లగ్గు తడిసుంటాది,” అన్నాడు గోవిందన్ అన్న గ్లాసులు కడగతా.

“ఆ! పెట్రోలుకు నిప్పురవ్వ కావాల. ప్లగ్గు తడిస్తే నిప్పు యాడొస్తాది? డీజిలుకు ఆ పీడే ల్యా. అది లోపల్లోపలే ఒత్తుకోని ఒత్తుకోని, ఆ కోపానికే మండేది, మా అత్త మాదిరి. మా అత్తను ఏ వానన్నా ఆర్పిందా? నేను ఫస్ట్ గేరేసి, యాక్సిలేటరు మీద కాలు గూడా పెట్టకుండా దిగినా. టెంకాయ పీచు తాడుతో ఆ బండిని కట్టి, లోడుతో సహా గట్టుకు లాగేసినా.”

అంతవరకూ నేను నమ్మినా. మనసులో డీజిలుకు ఒక మార్కు గూడా వేసేసినా. మామ ఆడితో ఆగుంటే బాగుండు.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా?” అని మామ టీ గ్లాసు కింద పెట్టినాడు. “గట్టెక్కినాక చూస్తే తాడుకు బండే ఉండాది, బామ్మర్ది ల్యా! ఆ లోపల డ్యాం నిండి నీళ్లు దూకేసినాయి. ఏరు తాటిచెట్టంత లేచింది. ఎంతైనా పెండ్లాం తోడబుట్టినోడు గదా, వదిలేస్తే ఇంటికి పోయేదెట్ట? మళ్లీ దిగినా. నీళ్లు బానెట్టు మీదికొచ్చినాయి, అద్దం మీదికొచ్చినాయి, బండి మొత్తం మునిగిపోయింది.”

“మునిగితే ఇంజను గాలెట్ట పీలుస్తాది మామా?”

“అట్ట అడుగు! చదువుకున్న బిడ్డ. దిగే ముందే గట్టు మీద గొట్టం మాదిరుండే బొప్పాయాకు కాడ ఒకటి విరిచి ఇంజను ముక్కులో గుచ్చినా. డీజిలుకు అది చాలు. లోపల నేను, చుట్టూ నీళ్లు. హెడ్‌లైటేస్తే చేపలొచ్చి అద్దానికి అతుక్కోని నన్నే చూస్తా ఉండాయి. వైపరేసినా, పక్కకు జరిగి దారిచ్చినాయి. ఒక కొరమీను మాత్రం జరగలా. హారన్ కొట్టినా.”

“జరిగిందా?” అన్నాడు తాత.

“జరిగింది, అయితే తిట్టుకుంటా జరిగింది.”

“మరి జానకిరామన్?” అన్నా నేను. పాపం, ఆ మనిషి నీళ్లల్లో ఉండిపోయినాడే అని నాకు.

“వాడు యాడికి పోతాడు! అవతల గట్టున చెట్టనుకోని ఏనుగు కాలు పట్టుకోని ఏడస్తా ఉండాడు. ఆ ఏనుగేమో బురదలో దిగబడిపోయి అదీ ఏడస్తా ఉండాది. ఫారెస్టాయన ఒకడు గట్టు మీద నిలబడి, ‘ఏదావదు సెయ్యుంగ సార్, మీరే ఏమన్నా చెయ్యాల’ అని మొత్తుకుంటా ఉండాడు. తాడు తీసి ఏనుగు నడుముకు కట్టినా. లో గేరు. ఇంజను డుగు డుగు డుగు అంటాది, ఆవేశమే ల్యా. ఏనుగు లేచింది. చూస్తే దాని తోక ఇంకొక ఏనుగు పట్టుకోనుండాది, దాని తోక ఇంకొకటి. గూడ్సు రైలు మాదిరి మంద మొత్తం వచ్చేసింది. చివరి ఏనుగు కాలు కొండ సందులో ఇరుక్కోనుండె. నాకేం తెలుసు? ఇంకా రోంత తొక్కినా. కొండ కదిలింది! పెద్దోళ్లనడగండి, ఆ కొండ మునుపు డ్యాముకు ఎడమపక్కుండె.”

“ఆమా ఆమా. మా నాయన గూడా చెప్పేవాడు,” అన్నాడు తాత.

“పెట్రోల్ బండి కొండను కదిలిస్తాదా? చెప్పమ్మా!”

నాకొకపక్క నవ్వొస్తా ఉండాది. రోడ్డు పక్క చూస్తే గుబులుగా ఉండాది. యోగానంద్ వచ్చి ఏది కావాలంటే ఏమనేది? కొండ కదిలింది కాబట్టి డీజిలు అనేదా?

“ఇంకా విను. ఆడికి డీజిలు అయిపోయింది. అడవిలో బంకు యాడుంటాది? ఇంటికని కొనిన చెనిక్కాయ నూనె డబ్బా ఉండె. ట్యాంకులో పోసేసినా. డీజిల్ ఇంజను ఏది పోసినా తాగతాది, అదే దాని పెద్దమనిషితనం. బుర్రున లేచింది. అయితే పొగలో బజ్జీల వాసన! గుడియాత్తం వచ్చేసరికి జనం ప్లేట్లు పట్టుకోని ఎనకాల పరిగెత్తతా ఉండారు. కాట్పాడి దాటి మేల్పాడి దాకా తోలినా, వదల్లా. ఒకామె చట్నీ యాడని తిట్టింది గూడా.”

“అంత బండి ఇప్పుడు యాడుండాదన్నా?” అన్నాడు గోవిందన్ అన్న.

మామ గొంతు తగ్గించినాడు. “ఏనుగులకు ఇచ్చేసినా నాయనా. పిల్లేనుగు టైరు పట్టుకోని ఏడిస్తే మనసెట్ట ఒప్పుతాది? ఇప్పటికీ అడవిలో అవే తోలుకుంటా ఉండాయి. సర్వీసు మాత్రం టయానికి చేయిస్తాయి.”

అప్పుడొచ్చింది యోగానంద్ బండి. సన్న రోడ్డు, అంగడి ముందరే ఆపేసి, “తాళం దాంట్లోనే ఉండాదమ్మా” అని మొగం కడుక్కునేదానికి అంగడి ఎనక్కి పోయినాడు. ఆయన అట్ట పోయినాడో లేదో గుడియాత్తం టౌన్ బస్సు వచ్చి ఎనకాల నిలబడి హారన్ మీద హారన్. నా చేతిలో టీ, ఒళ్లో సంచి. బండికి దగ్గరుండేది మామే.

“మామా, నువ్వే రోంత పక్కకు తీ,” అన్నా.

ఎగతాళికి అనలా. మనిషి ఎన్ని కోతలు కోసినా ఒక బండన్నా తోలుంటాడు గదా అనుకున్నా.

మామ లేచినాడు. పంచె బిగించినాడు. “ఇరుప్పా, రోంత ఉండు, ఇదో తీస్తా ఉండా” అని బస్సు డ్రైవరుకు చెయ్యెత్తినాడు. పోయి ఎడమపక్క తలుపు తీసి, దర్జాగా కూచోని, తలుపేసుకున్నాడు. రెండు చేతులూ ముందుకు చాపినాడు. ఆడ ఏమీ ల్యా. ముందరుండే చిన్న అర తెరిచి లోపల చూసినాడు. మూసినాడు. బస్సు కిటికీల్లోంచి తలకాయలన్నీ బయటికొచ్చినాయి.

“మామా,” అన్నా, “స్టీరింగు ఆపక్కుండాది.”

“ఆమా ఆమా, ఆపక్కే,” అన్నాడు చిన్నమణి తాత.

బస్సు బస్సే నవ్వింది. గోవిందన్ అన్న చేతిలో గ్లాసు జారి నీళ్లల్లో పడింది. మామ మాత్రం నేరుగా రోడ్డునే చూస్తా కూచున్నాడు. చెవులు రెండూ ఎర్రగా అయిపోయినాయి. నాకు పాపమనిపించింది. టీ పెట్టేసి పోయి స్టీరింగు ముందర కూచున్నా. చేన్లో ట్రాక్టరు తోలే నాకు ఇదొక లెక్కా? యోగానంద్ పరిగెత్తుకోని వచ్చి ఎనక తొట్లో ఎక్కినాడు. బస్సు తొందర చేస్తా ఉంటే మామ దిగేలోపలే కదిలించేసినా.

నేరుగా ఏటికాడికి తోలి, ఆపకుండా దించినా. నీళ్లు చక్రాల మీదికొచ్చినాయి. ఫస్ట్ గేరు. కాలు తీసి చూసినా. ఇంజను ఆగలా, ఎగరలా, డుగు డుగు అంటా ఇసకను తొక్కుకుంటా పోతానే ఉండాది. మామ చెప్పిందాంట్లో ఆ ఒక్కటీ నిజం. అవతల గట్టున మా చేను, కట్టెలకు ఎక్కించిన టమోటా చెట్లు. పోయినేడు ఎన్ని దినాలు ఈ గట్టున నిలబడి వాటిని చూసి ఏడ్చినానో!

“మామా, డీజిలే తీసుకుంటా,” అన్నా.

మామ రెండు కాళ్లూ సీటు మీదికి లాక్కోని, తలుపు పైనుండే పట్టీని రెండు చేతుల్తో పట్టుకోని, కండ్లు గట్టిగా మూసుకోనుండాడు.

“ఎద్దుల బండి కొనుక్కో తల్లీ,” అన్నాడు కండ్లు తెరవకుండానే. “ముందు నన్ను గట్టుకు దించు.”