పది పన్నెండుకి వచ్చిన లైను

హలో… ఆ, నేనే. చెప్పు అన్నయ్యా.

…లేదు, పనేం లేదు. మెట్ల మీదికొచ్చాను, గదిలో అందరూ ఉన్నారు. నువ్వేంటి ఈ వేళప్పుడు? డ్యూటీలో లేవా?

…ఎంక్వయిరీనా? నీ మీదా?

…

ఆగాగు. మొదటి నుంచి చెప్పు. మొన్న మధ్యాహ్నం… ఆ… లిఫ్టు మూడుకీ నాలుగుకీ మధ్య ఆగిపోయింది. బ్రేక్ కాలిపోయి. సరే… తలుపు సందులోంచి దూకిందా లోపలున్నావిడ? అయ్యో… విరిగింది కాలొక్కటేనా, ఇంకేమన్నా… కాలే. సరే.

నువ్వు ఎక్కడున్నావు అప్పుడు?

…కింద బేస్‌మెంట్లో, రెండో లిఫ్టుకి తాడు మారుస్తున్నావు. అదే చెప్పు వాళ్ళకి.

…చెప్పావు.

…నమ్మలేదు.

ఎందుకు నమ్మరు? ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నారు నిన్ను. ఒక్క లిఫ్టు…

…ఏ ప్రింటు?

…ఆ, లిఫ్టుని నడిపే కంట్రోలర్లోంచి తీస్తారు, తెలుసు. ఎప్పుడేం జరిగిందో అందులో ఉంటుంది. మరి ఉంటే మంచిదేగా, నీ తప్పు లేదని తేలుతుంది.

…

పొద్దున పది పన్నెండుకే హెచ్చరిక వచ్చిందా? వస్తే నీ ప్యానెల్లో లైటు వెలగాలిగా?

…వెలగలేదు. మరి వచ్చిందని ఎలా అంటున్నారు?

…జవాబు ఉందా? ఎవరి జవాబు?

…

అన్నయ్యా, ఆ కాగితం చేతిలో ఉందా? చదువు. పది పన్నెండు దగ్గర ఏముందో ఉన్నదున్నట్టు చదువు.

…

మళ్ళీ చదువు.

…

ఏం లేదు. రాసుకుంటున్నా. 'నేను చూసుకుంటాలే.' అంతేనా? దాని ముందూ వెనకా ఏం లేదా?

…అవునులే, నవ్వుతారు. రోజుకి పదిసార్లు అనే మాటే కదా నువ్వు. మోటారు ఆగినా అదే, అమ్మకి జ్వరమొచ్చినా అదే, నా ఫీజు కట్టే రోజు దగ్గరపడినా అదే. వాళ్ళకి ఇంకో సాక్ష్యం ఎందుకు? హెచ్చరిక వచ్చింది, డ్యూటీలో నువ్వొక్కడివే, చూసుకుంటానని టైపు కొట్టి, చూడకుండా ఊరుకున్నావు. అంతేగా వాళ్ళు అనేది?

…నువ్వు కొట్టలేదు. నాకు తెలుసు.

…తెలుసంటే తెలుసు.

…ఒట్టెందుకు? నమ్మకం లేక కాదు అడుగుతున్నది. అన్నయ్యా… ఆ కంట్రోలర్ పెట్టి ఎన్నాళ్ళయింది?

…ఆరు నెలలు. కొత్త కంపెనీది.

…

ఆ లైను నేను రాశాను.

…లేదు, ఎగతాళి కాదు. విను. ఎంతసేపుంది నిన్ను ఎంక్వయిరీకి లోపలికి పిలవడానికి?

…సరే, ముందాయన బయటికొచ్చేదాకా. విను మరి.

మేం చేసిన భాష ఉందిగా… ఆ, కంప్యూటర్ భాష, ఇంకేముంటుంది. అందులో ప్రతి పనీ లెక్కలాంటిది. ఇది ఇస్తే అది రావాలి. మధ్యలో తలుపు ఇరుక్కుందనుకో, లెక్కకి జవాబు ఉండదు. దాన్ని మేం ఎక్సెప్షన్ అంటాం. నువ్వు ఫాల్ట్ అంటావే, అదే. ఇదివరకు వాటి జాబితా ముందే కట్టేసి ఉండేది. నీ పాత ప్యానెల్లో ఏడు లైట్లుండేవి చూడు… ఆ, ఎనిమిదో రోగమొస్తే ఏ లైటూ వెలగదని తిట్టుకునేవాడివి. అన్నం తింటూ తిట్టేవాడివి. అది విని విని నాకనిపించింది, పాత ప్యానెల్ విప్పకుండానే ఎవరి లైటు వాళ్ళు చేర్చుకునేలా ఉంటే ఎంత బాగుంటుందీ అని. నాలుగేళ్ళు అదే పని నాది.

…పంతులమ్మా అనకు ఇప్పుడు. నవ్వు రావట్లేదు.

…ఎలాగంటే, మా భాష కొత్త ఫాల్టుని పెట్టెలో పెట్టి, మీద పేరు రాసి, పైకి పంపుతుంది. దారిలో ఉన్నవాడు పేరు చూడాలి. తనదైతే విప్పాలి. కాకపోతే ముట్టుకోకుండా పైకి పంపాలి. తెలిసినవాడి చేతికి అందేదాకా అలా పోతూనే ఉండాలి.

…అవును, బాగుంది. అందరూ అదే అన్నారు.

కానీ పేరుతో పని లేకుండా ఏ పెట్టె వచ్చినా పట్టుకునే వీలు కూడా ఒకటి ఉంచాలి. తప్పదు. అన్నిటికన్నా పైన ఎవరో ఒకరు ఉండాలిగా. అది ఎలా రాయాలో భాష నేర్పే గైడు పుస్తకంలో చూపించాలి. నేను చూపించాను. లిఫ్టు ఉదాహరణతో.

…మరి నాకింకేం తెలుసు? చిన్నప్పటి నుంచి ఇంట్లో లిఫ్టు గోలేగా. తలుపు ఇరుక్కుంది, పెట్టె వచ్చింది, పట్టుకున్నాం. పట్టుకుని ఏం చెయ్యాలో అక్కడ రాయాలి. పేజీలో చోటు లేదు. నీ మాట పెట్టేశాను. చూసి నవ్వుతావని.

…ఆ పుస్తకమే. టీవీ పక్కనున్నది. నువ్వు అట్ట మీద నా పేరు మీద వేలు పెట్టి చూసుకుని, అక్కడ నిలబెట్టావు. లోపల చూపిద్దామనుకున్నా. ఇంతలో నీకు ఫోనొచ్చింది, వెళ్ళిపోయావు.

…రాశానన్నయ్యా. నిజం పనిలో ఇలా వదిలెయ్యకూడదని రాశాను. తర్వాతి పేజీలో.

…

ఆ కంట్రోలర్ కంపెనీ ప్రోగ్రాం రాసింది మా భాషలోనే, వాళ్ళు చేసేది లిఫ్టులు. గైడులో లిఫ్టు కనబడింది. ఎత్తి పెట్టేసుకున్నారు, నీ మాటతో సహా. బ్రేక్ వేడెక్కితే చెప్పమని కొత్త ఫాల్టు కూడా వాళ్ళే చేర్చుకుని ఉంటారు, నేను వేసిన దారిలోనే. మొన్న పది పన్నెండుకి అది బయల్దేరింది. నీ ప్యానెల్‌కి రావాల్సింది. మధ్యలో నా ఉదాహరణ అడ్డం పడి, నేను చూసుకుంటాలే అంది. అక్కడితో ఆగిపోయింది.

…

ఉన్నావా?

…తిట్టు. తిడితే బాగుంటుంది.

…

చెప్తాను, ఎందుకు చెప్పను? కానీ ఏం చూపించి చెప్పను? ఆ కంపెనీ ప్రోగ్రాం మనకి చూపించరు. వచ్చిన పెట్టె మీద ఏ పేరుందో ఎక్కడా లేదు. పట్టుకున్నవాడు ముందు ఆ పేరు రాసి పెట్టాలి. అదొక్క లైను. మొదట ఉదాహరణలో ఉండేది కూడా. పేజీ దాటిపోతోందని నేనే కొట్టేశాను. అది ఉంటే ఇవాళ నీ చేతిలో కాగితం మీద బ్రేక్ అని ఉండేది.

…పుస్తకం చూపించొచ్చు. నలభై ఒకటో పేజీ. వదినని తీసుకురమ్మను… ఎంత, గంట పడుతుందా… అవును, లాభం లేదు. చూపించినా, చెల్లెలు అన్నయ్య మాట పుస్తకంలో రాసింది, ఇప్పుడు అన్నని కాపాడటానికి కథ చెబుతోంది అంటారు. నేనైనా అలాగే అంటాను.

…ఏం సంతకం?

…ఒప్పుకుంటే కేసు లేకుండా లైసెన్సు తీసుకుని వదిలేస్తామన్నారా? లైసెన్సు పోయాక ఇంకేం వదలడం? ఇంకెవరు రానిస్తారు నిన్ను మోటారు గదిలోకి?

…వద్దు. పెట్టకు. నేను బయల్దేరుతున్నా.

…

అందుకా సంతకం పెడతానంటున్నావు? నా పేరు బయటికొస్తుందనా? రానీ. ఇంట్లో ఒక్కదాన్ని చదువుకున్నానని నెత్తిన పెట్టుకుని… రానీ అన్నయ్యా. ఆ పేరు నీ లైసెన్సు కంటే ఎక్కువేం కాదు.

…వినవా నా మాట? పుస్తకం సంగతి ఎత్తు. నమ్మకపోయినా ఎత్తు. ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కదా, రేపెవరైనా చూస్తే…

…

పిలిచారా?

ఫోన్ వాళ్ళకివ్వు. ఒక్క నిమిషం, నేనే చెప్తాను. నలభై ఒకటో పేజీ అని చెప్పు… జేబులో పెట్టుకోకు, ఫోన్ ఆయనకి…

…

అనకు. రోజుకి పదిసార్లు అనే ఆ మాట ఇప్పుడనకు అన్నయ్యా. నాతో అంటున్నావని వాళ్ళకేం తెలుసు, తలుపు తీసే ఉంది, వింటారు —

హలో?

…హలో.