నాగవల్లి వదిలిన పిట్టలు

ఏమే నిఖితా, బాల్కనీలో ఆ కిచకిచలేంటి? పిట్టల్ని కొన్నావా? ఏదీ, చూడనీ. ఇవి అంగళ్ళలో బెంగాలీ పిట్టలని అమ్మేవే కదే. పెంచుకోడానికేగా? అయితే సరేలే. ఎప్పుడైనా జాలేసి బయటికి వదిలేసేవు, వద్దు. ఎందుకంటే ఏం చెప్పను... మా చిన్న తోడికోడలు నాగవల్లి ఉండేదిలే, నువ్వు పుట్టకముందే పోయింది. నందిగామలో మన కందిపప్పు కొట్టు ఉన్న రోజులు. ఆ, ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపుందే, అదే. నాగవల్లి నవ్విందంటే కొట్లో గుమస్తాలు తూకం ఆపి వినేవాళ్ళు.

దాని కూతురు యశస్వినికి బ్లడ్ క్యాన్సరన్నారు. బెజవాడ ఆసుపత్రిలో చేర్చాం. మా అత్తగారు సౌభాగ్యమ్మ ఊరుకుంటుందా, "ప్రతి శుక్రవారం బంధంలో ఉన్న ప్రాణాల్ని విడిపించవే, నీ బిడ్డా మంచం మీంచి లేస్తుంది. నయమయ్యేదాకా ఒక్క వారం తప్పకూడదు" అంది. ఇంక నాగవల్లి వారవారం బెజవాడలో ఈ పిట్టల్ని కొనడం, కీసర దగ్గర మునేటి గట్టున వదలడం. మన చేలల్లో గింజలేరుకు తిరిగే జీనువాయి పిట్టల్లాగే ఉంటాయి కదా, అవేననుకున్నాం. నేనూ ఓసారి వదిలా. గుప్పెట్లో దాని గుండె టపటపా కొట్టుకుంటుంటే పుణ్యం చేస్తున్నాననే అనుకున్నా.

పక్కింట్లో జ్ఞానయ్యగారని, కాలేజీలో జువాలజీ చెప్పేవారు. మంచాయన. "అమ్మా, ఇవి జీనువాయిలు కావండి. చైనా వైపు అడవుల్లో తెల్లనడుం పిట్టొకటుంది. దాన్ని పట్టి, తరతరాలు పంజరాల్లోనే పిల్లలు చేయించి, జపానోళ్ళు తయారుచేసిన రకమిది. శాస్త్రంలో దీనికి వేరే జాతంటూ లేదు, ఆ అడవి పిట్ట కిందే రాస్తారు. పేరు అడవిదే గానీ అడవి మర్చిపోయిందండి. గింజ వెతుక్కోడం కూడా రాదు" అన్నారు. నాగవల్లి నమ్మలా. వదిలిన సాయంత్రం నన్నూ లాక్కుని మళ్ళీ గట్టుకెళ్ళింది. వదిలినచోటే నేలమీద ఒకదానికొకటి ఒత్తుకుని కూర్చునున్నాయే, మిగిలినవి. చుట్టూ తెల్లటి ఈకలు. కాకులు మేం అదిలించినా పోలా. బతికున్నదొకటి ఎగిరొచ్చి దీని భుజంమీద వాలింది. ఇది అక్కడే కూలబడి ఏడ్చింది.

పై శుక్రవారం పిట్టల్ని కొనలా. ఆ ఆదివారమే పిల్ల పోయింది.

శవం ఇంకా వాకిట్లో ఉండగానే మా అత్తగారు, "మొక్కు ఆపి బిడ్డని మింగావు కదే" అంది. ఆవిడా మనవరాలు పోయిన బాధలోనే ఉంది, ఏమంటాం. దినాలు అయ్యాక నాగవల్లి వంటింట్లో నా చెయ్యి పట్టుకుని అడిగింది: "అక్కయ్యా, వదిలినందుకు పోయిందా, ఆపినందుకు పోయిందా?" జబ్బుతో పోయిందే అన్నా. అదేం చెవికెక్కలా. తినబోయేటప్పుడల్లా అదే మాట. కంచం అలాగే ఉండేది. ఏడాది తిరక్కుండా అదీ...

కుక్కర్ కూసినట్టుంది, స్టవ్వు కట్టెయ్యవే.