ఇరవై ఏళ్లలో ఒక్కరు

కాలేజీ లెక్కల విభాగం గది. సాయంత్రం నాలుగూ పది. బల్లకి ఇటు ఏడాదిలో రిటైరవబోయే లెక్చరరు. అటు, అయిదేళ్ల కిందట ఆయన దగ్గర డిగ్రీ చదివి, ఇప్పుడు బస్సు డిపోలో టైంటేబుళ్లు వేస్తున్న అమ్మాయి.

"సెప్టెంబరు పద్నాలుగు, గురువారం. మీరు ఇదే కుర్చీలో కూర్చుని జామకాయ కోసుకు తింటున్నారు. నాకూ ఒక ముక్క పెట్టారు. 'ఉత్తరం సంగతి నాకొదిలెయ్, దివ్యంగా రాస్తాను' అన్నారు."

"రాశాను కదమ్మా. విదేశీ యూనివర్సిటీ, పైగా పెద్ద చదువు. శ్రద్ధగానే రాశాను."

"శ్రద్ధగా! వాళ్ల మెయిలు చదవమంటారా? 'మీ లెక్చరరు గారి నుంచి ఈ ఏడాది మా అప్లైడ్ మ్యాథమెటిక్స్ విభాగానికి మూడు సిఫారసు ఉత్తరాలు వచ్చాయి. ఇరవై ఏళ్ల బోధనలో ఇంతటి ప్రతిభ చూడలేదని మూడింటిలోనూ ఉంది. పేరు తప్ప అక్షరం తేడా లేదు.'"

"మరి ముగ్గురూ బాగా చదివేవాళ్లేగా..."

"ఇరవై ఏళ్లకి ఒక్కరు సార్. ముగ్గురైతే ఆరేళ్ల ఎనిమిది నెలలకొకరు. లెక్కల మాస్టారు మీరు, నేను చెప్పాలా?"

"వెటకారం ఎక్కువైంది నీకు."

"ఎక్కువవదూ! ఆ ముగ్గురిలో ఒకడు ఎవడో తెలుసా? గుండు. మా క్లాసులో డిఫరెన్షియల్ ఈక్వేషన్లు రెండుసార్లు తప్పిన గుండుగాడు! వాణ్నీ నన్నూ ఒకే గాటన కట్టేశారు."

"వాడు పట్టుదల గలవాడు..."

"మూడోసారి రాయాలంటే ఉండాల్సిందేలెండి."

"అసలు నీకీ అప్లైడ్ పిచ్చి ఏంటమ్మా? శుద్ధ గణితం ఉండగా?"

"శుద్ధ గణితంతో బస్సులు నడవవు సార్."

"నీ దాంతో నడుస్తున్నాయా?"

"లేదు. ఇవాళ నేను వేసిన టైంటేబులు ప్రకారమే రెండు బస్సులు మారి వచ్చాను. రెండూ లేటే. అందుకే చదువుకుంటానంటున్నా."

"సరే, సరే. ఇప్పుడేం చెయ్యమంటావ్?"

"అయిదింటిలోగా కొత్త ఉత్తరం పంపాలట. నేను చేసిన పని ఒక్కటైనా, మీరు కళ్లారా చూసింది, అందులో ఉండాలట. లేకపోతే నా దరఖాస్తు పక్కన పడేస్తారు. మా డిపో మేనేజరు కూడా రాశాడు నాకు, పదో తరగతి పాసైన మనిషి. ఆయన ఉత్తరానికి వంక పెట్టలేదు వాళ్లు. మీదే వచ్చింది చిక్కంతా."

"ఉండు, కంప్యూటరు తెరవనీ. ఊఁ. 'క్రమశిక్షణ గల విద్యార్థిని' అని ఎత్తుకుందామా?"

"వద్దు."

"సమయపాలన?"

"నేనేమన్నా రైలునా సార్?"

"పోనీ, 'ముందు బెంచీలో కూర్చుని ఏకాగ్రతతో'..."

"చివరి బెంచీ. కిటికీ పక్కన. మూడేళ్లు."

"అవునవును, కిటికీ."

"ఏంటవునవును! నేనెవరో కూడా గుర్తులేదు మీకు. మీకు పిల్లలు గుర్తుండరు సార్, రోల్ నంబర్లు గుర్తుంటాయి. అసలు ఆ పాత ఉత్తరమైనా మీరు రాసిందేనా? ఎక్కడన్నా ఎత్తుకొచ్చారా?"

"మా ఆవిడ టైపు చేసింది. నేను చెబుతుంటే. ఆవిడ పోయాక దాన్ని కదపబుద్ధి కాలేదు. పేర్లు మారుస్తూ వచ్చాను, అంతే."

"నాకు తెలీదు సార్. సారీ."

"నీ తప్పేముందిలే. నువ్వన్నది నిజమే."

"కానీ సార్, మీ బాధ చూసి వాళ్లు నాకు సీటివ్వరు. నాలుగున్నరయింది. ఒక్కటంటే ఒక్క నిజం రాయండి. మీ సర్వీసు మొత్తంలో ఒక్క పిల్ల గురించి, ఒక్క నిజం. అంత కష్టమా?"

"నిజం... నిజం... కిటికీ పక్కనన్నావా? నీ పక్కన ఒక పొట్టి పిల్ల కూర్చునేది కదూ? ఎప్పుడూ పెన్ను కొరుకుతూ?"

"ఆ."

"హమ్మయ్య! ఇప్పుడు గుర్తొచ్చావు! ఫైనలియర్ పరీక్ష. ఇనప కడ్డీని ఒక కొసన కాలిస్తే రెండో కొసకి వేడి ఎలా పాకుతుందన్న లెక్క. మీ ఇద్దరి పేపర్లలోనూ ఒకటే దారి. పుస్తకంలో లేదు, నేను క్లాసులో చెప్పలేదు. ఆరు పేజీల లెక్కని పేజీన్నరలో తేల్చేసింది. ఏడో లైన్లో మైనస్ మర్చిపోవడంతో సహా ఒకటే!"

"సార్, అది..."

"ఒకరు ఇంకొకరిది చూసి రాశారని గుడ్డివాడికైనా తెలుస్తుంది. ముందు ఆ పొట్టి పిల్లని పిలిచాను. నీకేమో స్కాలర్‌షిప్పు, ఒక్క సబ్జెక్టు పోయినా చదువు ఆగిపోతుంది, నిన్ను కంగారుపెట్టడం ఎందుకని. అడగ్గానే ఒప్పేసుకుంది. 'నేనే చూసి రాశాను సార్' అంది. డిబారు చేశాం. మళ్లీ కాలేజీ గడప తొక్కలేదు."

"ఇప్పుడవన్నీ ఎందుకు సార్?"

"ఎందుకేంటి! నువ్వు స్టాఫ్‌రూముకొచ్చి ఒకటే ఏడుపు, దాన్నేం చెయ్యకండి అని. నీ లెక్క కొట్టేసినదాని కోసం నువ్వేడవడం! ఇంటికెళ్లి మా ఆవిడకి చెబితే, ఆ పిల్లది ఎంత మంచి మనసండీ అంది."

"క్రమశిక్షణ అనే రాద్దాం సార్. సమయపాలన కూడా పెట్టండి."

"ఇందాకేగా రైలునా అన్నావ్! మాట్లాడకు, వేళ్లు ఊపందుకున్నాయి. 'ఎవరూ చెప్పకుండానే, కొత్త దారి తనే కనిపెట్టింది...' ఇంతకీ ఆ పిల్ల ఎక్కడుందో ఇప్పుడు?"

"మందుల షాపులో పనిచేస్తోంది. మా డిపో ఎదురుగానే."

"మాట్లాడతావా?"

"తను మాట్లాడుతుంది. నేనే... తలనొప్పి మాత్ర తీసుకుని వచ్చేస్తాను."

"ఇంకా కోపమా? పోనిద్దూ, చిన్నతనం. ఏదో ఆశపడింది, తప్పుచేసింది."

"తనని ఏమనకండి సార్."

"చూశావా, ఇప్పటికీ అదే మాట! ఇది కూడా కలుపుతాను. ఇదిగో, అయింది. నాలుగూ యాభై. నిజం రాయమని దులిపేశావుగా, నిజమే రాశాను. మనసు తేలిగ్గా ఉందమ్మా. పంపిస్తున్నా."

"ఆగండి. నొక్కకండి సార్."

"మళ్లీ ఏమొచ్చింది? పది నిమిషాలే ఉంది!"

"వాచ్‌మన్ వరండాలో గదులకి తాళాలేస్తున్నాడు. వింటాడు. తలుపేసి వస్తాను."

"మెల్లగా వెయ్యి, ఆ గడియ గోలచేస్తుంది. వేశావా? ఊఁ, కూర్చో. చెప్పు."

"ఆ రోజు చూసి రాసింది నేను సార్."