శింగమ్మ, చెంచయ్య కారు, ఎలగని ఎర్ర లైటు

శింగమ్మ ఉందే, అదే, తూర్పుబజారులో ఇల్లిల్లూ తిరిగి పాలు పోగుచేసి కేంద్రానికి తోలే శింగమ్మ, ఆమె స్కూటరు పోయి పోయి, మనూళ్లో బాడుగ కారు తోలే చెంచయ్య ఉన్నాడే, ఆయన కారు వెనక గుద్దుకుందంట. గుద్దుకుంటే ఏమైందంటే, క్యాన్లు బోర్లాపడి పాలన్నీ రోడ్డు పాలు. మోకాలు చెక్కుకుపోయింది. అది సరే, మోకాలు రేపు మానుద్ది. మాననిది ఏందంటే, కారు దిగొచ్చి, ఆమెకి వరసకి మామయ్యే చెంచయ్య అన్న మాట. "ఏం కోడలా, బ్రేకు తొక్కితే వెనక లైటు అంతెర్రగా ఎలుగుతుంటే, కళ్లెక్కడ పెట్టుకుని తోలతన్నావు" అన్నాడంట. "లైటా, యాడెలిగింది మామా" అందంట ఈమె. ఎలిగిందంటాడు, ఎలగలేదంటది. ఈలోపు జనం మూగారనుకో. మనూళ్లో కలుపుకి మనిషి దొరకడుగానీ తగాదాకి దొరకడా చెప్పు. చెంచయ్యకి రోషం పొడుచుకొచ్చి, కారులో కూలబడి, బ్రేకుని ధన్‌మని తొక్కాడంట. ఇంకేముంది, రెండు లైట్లూ భగ్గున ఎలిగినయి. "చూశారుగా" అన్నాడు. అందరూ లైటు చూసి, ఆనక శింగమ్మని చూసి నవ్వారంట. ఏందిరా నువ్వు తలొంచుకుంటావు, నిన్నేమీ అనలేదులే, ఊ కొట్టు.

ఇంటికొస్తే అత్త పేరమ్మ ఊరుకుంటదా. స్కూటరు తాళం లాక్కుని బియ్యం డబ్బాలో దోపేసిందంట. "ఆడదానికి బండెందుకే అంటే విన్నావా. గుద్దితే గుద్దావు, పైన అబద్ధం గూడానా" అంది. మొగుడేమన్నాడని అడక్కండి, తల్లి ముందు ఆయన నోరు అన్నానికే తెరుచుకుంటది. పాలకేంద్రం మాలకొండయ్య కూడా, "పోన్లేమ్మా, ఇక పాలు తేవడానికి ఇంకెవర్నన్నా చూసుకుంటాం" అని మెత్తగా కబురంపాడంట. బండి పాయె, పని పాయె, సరే అనుకో. శింగమ్మకి కడుపు మండింది ఆ పేరుకి. అబద్ధాలకోరంట. చూసుకోలేదంటే తప్పు ఒప్పుకునేదేగా, ఎలగని లైటుని ఎట్టా చూసేదంట. ఇదంతా పాలు పితుకుతా గేదెకి చెప్పుకుంటే అది కూడా అవునని తలూపిందంట. నేను చూళ్లేదు, శింగమ్మే చెప్పింది. ఆమె అబద్ధం చెప్పదుగా మరి.

ఊరుకోలేక మళ్లీ చెంచయ్య దగ్గరికి పోయి, "మామా, ఒకసారి లైటు చూపియ్యి" అందంట. ఆయన గయ్యిన లేచి ధన్‌మని తొక్కాడు, ఎలిగింది. ఇంకో పూట పోయింది, మళ్లీ ధన్, మళ్లీ ఎలిగింది. తలొంచుకుని ఇంటికొచ్చి, గుమ్మంలో కూర్చుని రోడ్డు వంక చూస్తా ఉందంట. అప్పుడేమైందంటే, అదే కారు నిదానంగా వచ్చింది, చెయ్యెత్తిన ముసలామె ముందు మెత్తగా ఆగింది, ఆమె ఎక్కింది, పోయింది. వెనక లైటు ఎలగలా. ఎలగలా అంటే ఎలగలా. శింగమ్మకి అప్పుడు బుర్రకెక్కింది. ఓహో, ఆ లైటు బ్రేకు తొక్కితే ఎలిగేది కాదు, ఈ మహానుభావుడికి కోపమొస్తే ఎలిగేది.

ఇంక చూడు. చెంచయ్యకొక గొప్ప ఉంది, మీకందరికీ తెలిసిందే, నా కారెక్కితే నిండు గ్లాసు తొణకదంటాడు. తెల్లారి పాలకేంద్రం కాడ ఊరంతా క్యాన్లతో నిలబడుంటే, చెంచయ్య గూడా కారుతో అక్కడే ఉంటే, శింగమ్మ గ్లాసు నిండా మజ్జిగ పోసుకొచ్చిందంట. "మామా, నువ్వు బ్రేకేస్తే గ్లాసు తొణకదంటావే, అది నిజమా, అది గూడా నీ లైటు లాంటిదేనా" అంది. అంతమందిలో అంటే ఆగుతాడా. కారు తీశాడు. మాలకొండయ్యని ముందు సీట్లో కూర్చోబెట్టి, గంజి పెట్టిన తెల్ల పంచె మీద పట్టుకోమని ఆ గ్లాసు చేతికిచ్చింది శింగమ్మ. "మీరంతా వెనక నిలబడి చూడండి, మీ కళ్లతో మీరే చూడండి, రేపు నామీద పెట్టబాకండి" అని జనానికి చెప్పింది. కారు కదిలింది, కాస్త పోయి పూలమీద కాలేసినట్టు ఆగింది. చుక్క తొణకలేదంట. చెంచయ్య మీసం సవరించుకుంటా తల బయట పెట్టి, "ఏం, తొణికిందా" అన్నాడు. అందరి కళ్లూ వెనక లైటు మీదే. గుంపులోంచి ఎవరో, "మజ్జిగ సంగతి సరేనయ్యా, నీ లైటెలగలా" అన్నారు. "మీకూ కళ్లు పోయినయ్యా" అని కోపంతో ధన్‌మని తొక్కాడు. లైటెలిగింది. మజ్జిగంతా మాలకొండయ్య పంచె మీద.

అప్పుడు చెంచయ్య కిందకి దిగాడు. ఎంతైనా డ్రైవరేగా, ఆలోచన చేశాడు. బల్బులు బాగున్నయి, ఎలుగుతున్నయిగా. ఎలిగితే రెండూ కలిసి ఎలుగుతున్నయి, ఎలక్కపోతే రెండూ కలిసి మానుతున్నయి. మరి రోగం రెంటికీ ముందరుండే స్విచ్చిలో ఉండాల. బ్రేకు పెడలు పైన వేలెడంత స్విచ్చి ఉంటది, దానికొక బుడిపె. పెడలు పైకున్నంతసేపూ బుడిపెని నొక్కి పట్టుకుంటది, లైటు ఎలగదు. కాలు పెడితే పెడలు కిందకి జరుగుద్ది, బుడిపె బయటికొస్తది, లైటెలుగుద్ది. అంతే కిటుకు. స్టీరింగు కింద తల దూర్చి చూస్తే ఏముందనుకున్నారు, పసుపు. దసరాకి కారు పూజ చేస్తా, చక్రాలకీ స్టీరింగుకీ పూసింది చాలక, ఒక్క మూల మిగిలినా బండి అలుగుద్దని పెడలుకీ దాని పైనున్న స్విచ్చికీ పసుపూ గంధం తడితడిగా మెత్తాడంట, ఈయనే. అది ఎండిపోయి బుడిపెని పట్టేసింది. మెత్తగా తొక్కితే బయటికి రాదు, ధన్‌మంటే ఆ అదురుకి ఊడొస్తది. పిన్నీసుతో గోకాడు, గుడ్డతో తుడిచాడు, అయినా లోపలికి దిగిన పసుపుకి అది నత్తిగానే కదులుతుంది. దాంతో దర్శి పోయి కొత్త స్విచ్చి తెచ్చాడు. వైరు ఊడబెరికి, నట్టు వదులు చేసి, పాతది తీసి కొత్తది పెట్టి, పెడలు వేలితో తాకినా లైటొచ్చేట్టు సరిచేసి బిగించాడు. వెనక నిలబడి చూసిందెవరంటారా, ఇంకెవరు, శింగమ్మే. "ఎలిగిందా కోడలా" అన్నాడంట. "ఇప్పుడెలిగింది. ఆ పూటో" అందంట. "ఆ పూట ఎలగలేదులేమ్మా" అన్నాడు. "నాకెందుకు, నాకు తెలుసుగా. పద, మా అత్తకి చెప్పు."

చెప్పాడంట, పేరమ్మ గుమ్మంలో నిలబడి, కండువా తీసి చేత్తో పట్టుకుని. పేరమ్మ బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి తాళం తీసిచ్చింది. సాయంత్రం పాలు మళ్లీ శింగమ్మ బండి మీదే పోయినయి. ఇదీ జరిగింది. ఇప్పుడు ఊళ్లో అడిగి చూడండి, శింగమ్మని అబద్ధాలకోరన్న మనిషి ఒక్కడు దొరికితే నా దగ్గరికి తీసుకురండి. మాలకొండయ్య, "నాకప్పుడే అనుమానమొచ్చింది" అంటాడు. పేరమ్మ, "మా కోడలు అబద్ధమాడదని నేనెరగనా" అంటది. అంతా ఎరిగినోళ్లేనంట. మరి ఆ రోజు నడిరోడ్డు మీద ఆడకూతుర్ని నిలబెట్టి నవ్వింది పక్కూరోళ్లేమో పాపం. స్విచ్చికైతే పసుపు అడ్డం పడింది. మనోళ్ల నోటికి ఏం అడ్డం పడిందో, గోకి చూసేవాడే లేడు.